భోపాల్‌లో బూర్బన్లు

1560 నాటికి, తర్వాత ఫ్రాన్సుకు రాజైన నాలుగో హెన్రీకి ఏడేళ్లు నిండలేదు. ఫ్రాన్సు నైరుతి మూలనున్న పో పట్నంలో 1553 డిసెంబరు 13న పుట్టాడతను. తోబుట్టువుల్లో బతికి పెద్దయింది కేథరిన్ అనే చెల్లెలు ఒక్కతే. 1560లో ఆ పిల్ల ఇంకా తప్పటడుగులు వేస్తోంది. అలాంటప్పుడు ఆ రోజుల్లోనే ఫ్రాన్సు వదిలి, సముద్రాలు దాటి, అక్బరు కొలువులో చేరిన యువకుడొకడు హెన్రీకి మేనల్లుడు ఎలా అవుతాడు? అన్న కొడుకూ కాలేడు. హెన్రీ అన్నదమ్ములు పసితనంలోనే పోయారు.

ఆ యువకుడి సంతతిమని చెప్పుకునే భోపాల్ బూర్బన్ల గురించి ఎవరు అడిగినా నేను ఈ లెక్కతోనే మొదలుపెడతాను. వాళ్లను తక్కువ చేయాలని ఎంతమాత్రం కాదు. ఈ కుటుంబానికి గర్వంగా చెప్పుకోదగ్గ చరిత్ర ఉంది. ఫ్రాన్సు కిరీటం అడ్డొచ్చి ఆ చరిత్ర ఎవరికీ కనబడటం లేదు. ముందు కిరీటాన్ని పక్కన పెడితే మనుషులు కనబడతారు.

నాది బందరు. పెళ్లయ్యాక మావారి బీహెచ్ఈఎల్ ఉద్యోగం వెంట భోపాల్ వచ్చాను. పిప్లానీ క్వార్టర్లలో కాపురం, టౌన్‌షిప్ బడిలో చరిత్ర పాఠాలు. 2007లో దేశ విదేశాల పత్రికల్లో ఒక వార్త వచ్చింది. ఫ్రాన్సుకు ఇంకా రాజులే ఉండి ఉంటే ఆ సింహాసనం మీద మొదటి హక్కు భోపాల్‌లో వకీలుగా ఉన్న ఒకాయనదే అని దాని సారాంశం. తొమ్మిదో తరగతి చరిత్రలో మొదటి పాఠం ఫ్రెంచి విప్లవమే. గిలటిన్ కింద తల పోగొట్టుకున్న రాజుగారి చుట్టాలు మన ఊళ్లో ఉన్నారట, నిజమేనా మేడమ్ అని పిల్లలు అడిగారు. ఒక్కముక్కలో తేల్చే ప్రశ్న కాదది. పిల్లలు అడిగినదానికి నిలబడే జవాబు చెప్పాలి కదా అని దొరికిన పుస్తకమల్లా చదవడం మొదలుపెట్టాను. ఆ చదువు ఇప్పటికీ సాగుతూనే ఉంది.

కుటుంబంలో తరతరాలుగా చెప్పుకుంటున్న కథ ఇది. జాన్ ఫిలిప్ ద బూర్బన్ అనే రాజవంశపు యువకుడు ఫ్రాన్సులో ద్వంద్వయుద్ధంలో పెద్దింటి మనిషి ఒకణ్ణి చంపాడు. దేశం వదిలి పారిపోయాడు. సముద్రపు దొంగలు పట్టుకుని ఈజిప్టులో బానిసగా అమ్మేశారు. అక్కణ్ణుంచి ఎలాగో బయటపడి భరతఖండం చేరాడు. అక్బరు అతన్ని ఆదరించి కొలువిచ్చాడు. అక్బరుకు మేరీ అనే క్రైస్తవ భార్య ఉంది. ఆవిడ చెల్లెలు జూలియానా అంతఃపురంలో వైద్యం చూసేది. ఆ జూలియానానిచ్చి పెళ్లి చేశాడు. వాళ్ల సంతతికి గ్వాలియరు దగ్గర నర్వర్ ప్రాంతంలో షేర్‌గఢ్ కోట, జాగీరు దక్కాయి. 1739లో నాదిర్ షా ఢిల్లీని కొల్లగొట్టాక కుటుంబం అక్కడికే తరలిపోయింది. 1778లో నర్వర్ రాజు వాళ్ల మీద పడి చాలామందిని చంపించాడు. మిగిలినవాళ్లు గ్వాలియరు చేరి, అక్కణ్ణుంచి భోపాల్ నవాబుల కొలువుకు వచ్చారు.

చెప్పేవాళ్లను బట్టి వివరాలు మారతాయి. ఒకరి కథలో ఆయన గోవాలో దిగాడు, ఇంకొకరి కథలో మద్రాసులో. మద్రాసు అంటే నాకు మొదట అనుమానం వచ్చింది. ఇంగ్లీషువాళ్లు అక్కడ కోట కట్టుకున్నది 1640లో కదా. అయితే దాని పక్కనే మైలాపూరులో పోర్చుగీసువాళ్ల శాంథోమ్ అప్పటికే ఉంది. శాంథోమ్‌లో దిగిన మనిషి కథను మూడు వందల ఏళ్ల తర్వాత చెప్పేవాళ్లు మద్రాసు అనడం సహజం. కాబట్టి ఊరి పేరు తేడాగా ఉన్నంత మాత్రాన కథను కొట్టిపారేయకూడదు. కొట్టిపారేయాల్సినవి, నిలబెట్టాల్సినవి విడివిడిగా చూడాలి.

ముందు ఫ్రాన్సు వైపు చూద్దాం. 1560లో ఫ్రాన్సును ఏలుతున్నది బూర్బన్లు కాదు, వాల్వా వంశం. బూర్బన్లు అప్పటికి పెద్ద ప్రభువులు, రాజుకు దాయాదులు. హెన్రీ తండ్రి ఆంత్వాన్ పెళ్లి వల్ల నవార్ అనే చిన్న రాజ్యానికి రాజయ్యాడు. హెన్రీ ఫ్రాన్సు గద్దెనెక్కింది 1589లో. ఆంత్వాన్ తమ్ముళ్లలో ఒక జాన్ ఉన్నాడు, కానీ అతను 1557లో సెయింట్ క్వెంటిన్ యుద్ధంలో చనిపోయాడు. ఇంకొక ఊహ ఉంది. చక్రవర్తి అయిదో చార్లెస్‌తో చేతులు కలిపి తన రాజు మీదే తిరగబడి, 1527 మే 6న రోము నగర గోడల కింద గుండు తగిలి చనిపోయిన బూర్బన్ డ్యూకు మూడో చార్లెస్‌కు రహస్యంగా పుట్టిన కొడుకే మన జాన్ అని. డ్యూకు భార్య 1521లోనే పోయింది, వాళ్ల పిల్లలెవరూ దక్కలేదు. ఆ ఊహే నిజమైతే అక్బరు దగ్గరికి వచ్చేసరికి జాన్‌కు ముప్ఫై ఏళ్లు దాటి ఉండాలి. యువకుడు ద్వంద్వయుద్ధం చేసి పారిపోయి వచ్చాడన్న కథకు ఇది అంత బాగా అతకదు.

బూర్బన్ల వంశావళి దాచిపెట్టిన తాళపత్రం కూడా కాదు. పాదిరి ఆంసెల్మ్ అనే పండితుడు 17వ శతాబ్దంలో ఫ్రాన్సు రాజవంశాల చరిత్ర రాశాడు. తర్వాతివాళ్లు దాన్ని పెంచి 1726, 1733 మధ్య తొమ్మిది సంపుటాలుగా తెచ్చారు. పెళ్లి లేకుండా పుట్టినవాళ్ల శాఖలను కూడా అందులో విడిచిపెట్టలేదు. లియేజ్ బిషప్పుగా ఉన్న ఒక బూర్బన్ సంతతి బూర్బన్ బుస్సే అన్న పేరుతో ఈనాటికీ ఫ్రాన్సులో గౌరవంగా బతుకుతోంది. అలాంటి శాఖలో పుట్టినవాడెవడైనా తూర్పుదేశాలకు వచ్చి ఉంటే నాకు ఆశ్చర్యం లేదు. అసలు రాజవంశంతో సంబంధం లేని మనిషి అయినా కావచ్చు. మన ఇంటిపేర్లు సగం ఊళ్ల పేర్లే కదా. బూర్బన్ కూడా ఊరి పేరే. ఫ్రాన్సు నడిబొడ్డున బూర్బన్ లార్షంబో అనే ఊరుంది, రాజవంశానికి ఆ పేరు వచ్చింది దానివల్లే. ఆ ఊరి మట్టిలో పుట్టి పొట్ట చేతబట్టుకుని వచ్చిన ఫిరంగిదారు అయినా పరాయి దేశంలో బూర్బన్ అనే పేరుతోనే చలామణీ అవుతాడు. గుజరాత్ సుల్తానుల దగ్గర, దక్కను సుల్తానుల దగ్గర అలాంటి ఫిరంగిదారులు ఎందరో పనిచేశారు.

ఇక ఆగ్రా వైపు. 1580 ఫిబ్రవరిలో జెసూట్ పాదిరీలు మొదటిసారి ఫతేపూర్ సిక్రీ చేరారు. రుడాల్ఫ్ అక్వావీవా వాళ్లకు పెద్ద. ఆంటోనియో మాన్సరాట్ అక్బరు కొడుకు మురాద్‌కు చదువు చెప్పాడు. అక్బరును క్రైస్తవంలో కలుపుకోవాలన్న ఆశతో వచ్చినవాళ్లు వీళ్లు. పాదుషా ఏం తిన్నాడో, ఏ పటానికి దణ్ణం పెట్టాడో, ఏ మాటకు నవ్వాడో అంతా గోవాకు, రోముకు ఉత్తరాలు రాశారు. ఆ అంతఃపురంలో ఒక క్రైస్తవ భార్య ఉండి ఉంటే ఆ ముక్క రాయకుండా ఉంటారా? వాళ్ల ఆశకు అంతకన్నా పెద్ద ఆధారం ఏముంది? ఒక్క ఉత్తరంలోనూ ఆ మాట లేదు. మరియం ఉజ్ జమానీ అన్నది జహంగీరు తల్లికి ఇచ్చిన బిరుదు. ఆవిడ అంబేరు రాజపుత్ర కన్య. ఆ మరియంనే తర్వాతివాళ్లు మేరీ చేసి క్రైస్తవురాల్ని చేశారు. అబుల్ ఫజల్ అయిన్ ఇ అక్బరీలో మన్సబుదారుల పేర్లు వరసగా రాశాడు. అందులోనూ బూర్బన్ లేడు.

మరి జూలియానా? జూలియానా ఉంది. ఈ మొత్తం చదువులో నన్ను ఎక్కువ కట్టిపడేసింది ఈవిడే.

అక్బరు కొలువులో అబ్దుల్ హై అనే ఆర్మేనియన్ క్రైస్తవ పెద్దమనిషి ఉండేవాడు. ఆయన కూతురు పేరు జూలియానా. అలెప్పో నుంచి వచ్చిన మీర్జా సికందర్ అనే ఆర్మేనియన్ వర్తకుడికి ఆవిడను ఇచ్చి పెళ్లి చేయించింది అక్బరే. వాళ్ల పెద్ద కొడుకు మీర్జా జుల్‌కర్నైన్ పాదుషా అంతఃపురంలో పెరిగాడు. జహంగీరు, షాజహాన్‌ల కాలంలో సాంభర్ ఉప్పు వసూళ్లకు అధికారి అయ్యాడు. ఆగ్రా పాదిరీలకు, వాళ్ల బడికి డబ్బిచ్చి పోషించాడు. ఇదంతా జెసూట్ల ఉత్తరాల్లో ఉంది. హాస్టెన్ అనే పాదిరి 1916లో ఆ ఉత్తరాలన్నీ పోగుచేసి పెద్ద వ్యాసమే రాశాడు.

ఇప్పుడు రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. అక్బరు చేయించిన పెళ్లి, పెళ్లికూతురు జూలియానా, పడమటి నుంచి వచ్చిన క్రైస్తవ వరుడు, పాదుషా దయ, తరతరాల ఉద్యోగం. అన్నీ కలుస్తున్నాయి. ఆగ్రా, ఢిల్లీ, నర్వర్ క్రైస్తవులు గుప్పెడుమంది. వాళ్లలో వాళ్లే పెళ్లి సంబంధాలు కలుపుకున్నారు. ఆర్మేనియన్ల పిల్ల పోర్చుగీసువాళ్లింట్లో, వాళ్ల పిల్ల బూర్బన్లింట్లో. ఇక ఒక అమ్మమ్మ కథ ఇంకో తాతయ్య కథలో కలవడానికి ఎంత సేపు? ఔరంగజేబు తర్వాత వచ్చిన మొదటి బహదూర్ షా దగ్గర చక్రం తిప్పిన జూలియానా డయాస్ ద కోస్టా ఇంకొకావిడ ఉంది. ఢిల్లీలో ఓఖ్లా దగ్గర సరాయ్ జులేనా అనే చోటు ఆవిడ పేరు మీదే ఉంది. ఇద్దరు జూలియానాలు కలిసి కుటుంబ కథలో ఒక్క జూలియానా అయ్యారని నా నమ్మకం. దీన్ని అబద్ధం అనను. ఆ ఇళ్లలో పుట్టిన పిల్లలకు ఆ జూలియానా నిజంగానే అమ్మమ్మ అయి ఉండొచ్చు.

నర్వర్ కథకు మాత్రం బలం ఉంది. జోసెఫ్ టీఫెన్‌తాలర్ అనే జెసూట్ 18వ శతాబ్దం మధ్యలో ఏళ్ల తరబడి నర్వర్‌లోనే మకాం పెట్టాడు. ఉత్తర భారత భూగోళం మీద గొప్ప గ్రంథం రాసిన మనిషి. మనవాళ్లలో ఎందరికి ఆయన పేరు తెలుసో గాని, నర్మద నుంచి సరయూ దాకా కొలతలు, అక్షాంశాలు రాసిపెట్టాడు. కొండకోట కింద ఆ చిన్న ఊళ్లో పాదిరి అన్నేళ్లు ఉన్నాడంటే అక్కడ ఒక క్రైస్తవ సమాజం ఉండబట్టే. 1778 నాటి గొడవకు, భోపాల్ వలసకు అది నేపథ్యం.

అంటే గొలుసు రెండు చోట్ల గట్టిగా ఉంది. పారిసు వైపు కొస గట్టిది, అక్కడ కాగితాలున్నాయి. భోపాల్ వైపు కొసా గట్టిదే. నడుమ రెండు వందల ఏళ్ల పైచిలుకు కాలానికి ఆధారం ఇంట్లోవాళ్ల మాటే. చిన్నప్పుడు మా బందరులో డచ్చివాళ్ల సమాధులు చూశాను. రాతి పలక మీద పేరు, ఊరు, చనిపోయిన తేదీ, పైన కుటుంబ చిహ్నం చెక్కి ఉంటాయి. 17వ శతాబ్దపు మనిషి ఎవరో, ఎవరి కొడుకో రాయే చెబుతుంది. ఫ్రెంచిపేటలో ఇప్పుడు ఫ్రెంచివాళ్లు లేకపోయినా, 1669లో వాళ్లు బందరులో కొట్టు పెట్టారనడానికి వాళ్ల కంపెనీ పద్దులున్నాయి. జాన్ ఫిలిప్ బూర్బన్ విషయంలో అలాంటి రాయి గాని, పద్దు గాని లేదు.

వంశం చెప్పుకోవడం మనకు కొత్తేమీ కాదు. వేంగి చాళుక్యులు మొదట్లో మానవ్యస గోత్రులం, హారీతీపుత్రులం అని మాత్రమే శాసనాల్లో రాసుకున్నారు. 11వ శతాబ్దం వచ్చేసరికి బ్రహ్మ, చంద్రుడు, పాండవుల మీదుగా సాగే పొడవాటి వంశావళి శాసనాల్లోకి వచ్చింది. రాజరాజ నరేంద్రుడు పాండవులు తన పూర్వులని నమ్మాడు. తన వంశంవాళ్ల కథ తెలుగులో వినాలని నన్నయను అడిగాడు. చంద్రుడి దాకా వెళ్లే ఆ వంశవృక్షాన్ని ఎవరూ రుజువు చేయలేరు. కానీ ఆ నమ్మకం లేకపోతే మనకు భారతం ఆ రోజున, ఆ రూపంలో వచ్చేది కాదు. అందుకే ఎవరైనా గొప్ప వంశం చెప్పుకుంటే నిజమా కాదా అన్న ప్రశ్నతో నేను ఆగను. ఆ మాట వాళ్లకు ఎప్పుడు, ఎందుకు అవసరమైంది, దానితో వాళ్లు ఏం చేశారు అని కూడా అడుగుతాను.

భోపాల్‌లో ఆ అవసరం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. భోపాల్ రాజ్యం పెట్టిన దోస్త్ మొహమ్మద్ ఖాన్ ఓరక్‌జాయ్ పఠాను. ఆ కొలువులో ఎవరి మాట ఎంత చెల్లుతుందన్నది వాళ్ల తెగ, వంశం, తాతల యుద్ధాల మీద ఆధారపడేది. అలాంటి దర్బారులో తెగ లేని, మసీదుకు రాని, గుడికి పోని ఒక క్రైస్తవ కుటుంబం కూర్చోవాలి. మీరెవరు అని అడిగితే చెప్పడానికి ఒక మాట కావాలి. పఠాను తన ఓరక్‌జాయ్ తాత పేరు చెబితే, వీళ్లు ఫ్రాన్సు రాజుల పేరు చెప్పారు. ఆ మాట వాళ్లను తరతరాలుగా ఆ కొలువులో నిలబెట్టింది, ఎవరిలోనూ కలిసిపోకుండా మతం నిలుపుకునే ధైర్యమిచ్చింది.

ఈ కుటుంబంలో ప్రతివాడికీ రెండు పేర్లు. చర్చిలో జ్ఞానస్నానం నాటి పేరు ఒకటి, దర్బారులో పారసీ పేరు ఒకటి. సాల్వడార్ దర్బారులో ఇనాయత్ మసీహ్. బల్తజార్ షహజాద్ మసీహ్. సెబాస్టియన్ మెహర్బాన్ మసీహ్. ఇంట్లో పారసీ, ఉర్దూ. ఆడవాళ్లకు పరదా. ఆదివారం ప్రార్థన. వీళ్లలో షహజాద్ మసీహ్ పేరు చరిత్రలో స్థిరంగా ఉంది. అతని గురించి చెప్పుకోవాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1812లో సింధియా, నాగపూరు భోంస్లే సేనలు కలిసి భోపాల్‌ను ముట్టడించాయి. వజీర్ మొహమ్మద్ ఖాన్ ఆకలికి, ఫిరంగులకు ఓర్చి కోటను నిలబెట్టాడు. ఆయన పోయాక కొడుకు నజర్ మొహమ్మద్ ఖాన్ ఇంగ్లీషు కంపెనీతో సంధికి దిగాడు. 1818 ఫిబ్రవరి 26న రాయ్‌సేన్‌లో సంధి కుదిరింది. ఆ సంధిపత్రంలో నవాబు తరఫున ఒప్పుకున్న ప్రతినిధులు ఇద్దరు. ఒకరు బక్షీ కరమ్ మొహమ్మద్. రెండోవారు షహజాద్ మసీహ్ సాహెబ్. భోపాల్ రాజ్యం ఇంకో నూట ముప్ఫై ఏళ్లు ఆ పత్రం మీదే నిలబడింది. మధ్య భారతం గురించి 1823లో పుస్తకం వెలువరించిన జాన్ మాల్కం కూడా షహజాద్ మసీహ్‌ను ప్రస్తావించాడు, బూర్బన్ అన్న ఇంటిపేరుతో సహా. అప్పటికి ఫ్రాన్సులో నెపోలియన్ పోయి బూర్బన్లు మళ్లీ గద్దె మీద ఉన్నారు. ఐరోపా పాఠకుడి చెవికి ఆ పేరు ఎలా వినబడి ఉంటుందో ఊహించవచ్చు.

సంధి కుదిరి రెండేళ్లు కాకుండానే, 1819 నవంబరు 11న, పిల్లవాడైన బావమరిది చేతిలో పిస్తోలు పేలి నజర్ మొహమ్మద్ ఖాన్ చనిపోయాడు. భార్య కుద్సియా బేగంకు ఇరవై ఏళ్లు లేవు. కూతురు సికందర్ చంకలో పిల్ల. మగ దాయాదులు గద్దె కోసం కాచుకుని ఉన్నారు. అప్పుడు కుద్సియా తన కూతురే వారసురాలని, ఆ బిడ్డ తరఫున తానే పాలిస్తానని ప్రకటించింది. ఆవిడకు కుడిభుజంగా నిలిచినవాళ్లు ముగ్గురు: కరమ్ మొహమ్మద్ ఖాన్, రాజా ఖుష్‌వక్త్ రాయ్, షహజాద్ మసీహ్. ఒక ముస్లిం, ఒక హిందువు, ఒక క్రైస్తవుడు. ఆ తర్వాత 1926 దాకా, మధ్యలో కొద్ది ఏళ్లు తప్పిస్తే, భోపాల్‌ను ఆడవాళ్లే ఏలారు. కుద్సియా, సికందర్, షాజహాన్, సుల్తాన్ జహాన్. దేశంలో అరుదైన ఆ వరసకు మొదటి మెట్టు దగ్గర కాపలా కాసినవాళ్లలో ఈ బూర్బన్ ఒకడు. నా దృష్టిలో ఫ్రాన్సు రాజుకు దూరపు దాయాది కావడం కంటే ఇది ఎన్నో రెట్లు పెద్ద గౌరవం.

పాత భోపాల్‌లో చౌక్ బజారు మొదట్లో షౌకత్ మహల్ ఉంది. పక్కనే సదర్ మంజిల్. బూర్బన్ ఇంటి మనిషే షౌకత్ మహల్‌ను రూపకల్పన చేశాడని ఊళ్లో చెబుతారు. పిల్లల్ని తీసుకెళ్లినప్పుడల్లా ముందు ఆ ద్వారం కింద నిలబెట్టేదాన్ని. చుట్టుపక్కల నవాబుల కట్టడాలన్నీ గుండ్రటి గుమ్మటాలు, మొనదేలిన కమానులు. ఈ ముఖభాగం మాత్రం వేరు. ముక్కోణాకారంలో పైకి లేచే కమానులు, వాటి నిండా సున్నంతో తీర్చిన ఆకులు, తీగలు. ఐరోపా చర్చి ద్వారాన్ని చూసి వచ్చినవాడు చెబుతుంటే మొగలాయి పద్ధతి తెలిసిన మేస్త్రి చేత్తో చేసినట్టు ఉంటుంది. సున్నం పెచ్చులు ఊడిపోయిన చోట లోపలి ఇటుక కనబడుతుంది. కిందంతా బట్టల కొట్లు, సైకిళ్లు, బేరాల కేకలు. కుటుంబం కథను నమ్మించే సాక్ష్యం ఏదైనా ఉంటే ఈ ద్వారమే. ఇది రాజరక్తాన్ని రుజువు చేయదు. రెండు లోకాలు తెలిసిన ఇల్లు ఒకటి ఇక్కడ ఉండేదని చెబుతుంది.

షహజాద్ మసీహ్ పోయాక ఆ ఇంటిని నడిపింది ఆయన భార్య. అందరూ దుల్హన్ సాహిబా అనేవారు. లూయీ రూస్లే అనే ఫ్రెంచి యాత్రికుడు సికందర్ బేగం కాలంలో భోపాల్ వచ్చి ఆవిడను కలిశాడు. హిందూదేశపు నడిమధ్యలో తన దేశపు రాజుల పేరు పెట్టుకున్న వృద్ధురాలు, భోపాల్ క్రైస్తవులందరికీ పెద్దదిక్కు, ఆయన్ను ఎంత కదిలించిందో ఆయన రాసిన పుస్తకం చదివితే తెలుస్తుంది. 1875లో అచ్చయిన ఆ పుస్తకంతో ఐరోపాలో ఈ కథ బాగా తెలిసింది. 1887లో కర్నల్ కిన్‌కెయిడ్ అనే ఇంగ్లీషు అధికారి ఒక పత్రికలో హిందూదేశపు బూర్బన్ల మీద వ్యాసం రాశాడు. ఇప్పుడు మనం వినే వివరాల్లో చాలావరకు ఈ ఇద్దరి దగ్గర నుంచి వచ్చినవే. వాళ్లిద్దరూ రాసుకున్నది ఇంట్లోవాళ్లు చెప్పగా విన్నదే. కాబట్టి పుస్తకాల్లో రెండు చోట్ల ఉంది కదా అని దాన్ని రెండు సాక్ష్యాలుగా లెక్కపెట్టకూడదు.

జహంగీరాబాద్‌లోని సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి 1870ల నాటిది. భోపాల్‌లో క్యాథలిక్కుల మొదటి పెద్ద చర్చి అది. దాని వెనుక ఉన్నది దుల్హన్ సాహిబానే. ఒక ముస్లిం రాణి పాలనలో, ఒక క్రైస్తవ స్త్రీ పూనికతో లేచిన చర్చి. జూలియానా ఆగ్రాలో చర్చి కట్టించిందని కూడా చెబుతారు, దానికి రుజువు లేదు. దుల్హన్ సాహిబా చర్చి కళ్లెదుట ఉంది.

2007 వార్తకు కారణం గ్రీసు రాకుమారుడు మైకేల్ రాసిన నవల. ఆయన తల్లి ఫ్రాన్సు ఓర్లియాన్ వంశపు ఆడపడుచు. ఆ నవలను మనసుపెట్టి చదివితే బాగుంటుంది. చరిత్ర పుస్తకంగా చదవకూడదు. పత్రికలు రెండింటికీ తేడా చూపలేదు.

రక్తపరీక్ష చేయిస్తే తేలిపోతుంది కదా అని పిల్లలు అడిగేవారు. తండ్రి నుంచి కొడుక్కి దిగే వై క్రోమోజోము ఉంటుంది. బెల్జియం శాస్త్రవేత్తలు 2013లో బతికున్న ముగ్గురు బూర్బన్ పురుషుల నమూనాలు చూస్తే మూడూ ఒకటే అయ్యాయి. ఆ దెబ్బతో నాలుగో హెన్రీదని చూపిన మమ్మీ తల, పదహారో లూయీ రక్తం అంటిందన్న సొరకాయ బుర్ర, రెండూ వాళ్లవి కావని ఆ శాస్త్రవేత్తలు తేల్చారు. హెన్రీ శాఖ, రోములో చనిపోయిన డ్యూకు శాఖ రెండూ 14వ శతాబ్దపు మొదటి లూయీ డ్యూకు దగ్గర కలుస్తాయి. కాబట్టి జాన్ ఏ శాఖవాడైనా పోల్చి చూడొచ్చు. అయితే అది చెప్పేది ఎంత? కలిస్తే బూర్బన్ రక్తం అని తెలుస్తుంది, సక్రమ వివాహంలో పుట్టాడని తెలియదు. ఫ్రాన్సు పాత చట్టం ప్రకారం గద్దెకు అదీ కావాలి. కలవకపోతే నడుమ ఎక్కడో ఒక దత్తత జరిగినా, అల్లుడు ఇంటిపేరు తీసుకున్నా చాలు, గొలుసు తెగినట్టే కనబడుతుంది. పదిహేను తరాల వెనక ఒక మనిషికి ముప్ఫై రెండు వేల పైచిలుకు పూర్వీకుల స్థానాలుంటాయి. ఆ పరీక్ష అందులో ఒకే ఒక్క స్థానాన్ని చూస్తుంది. జూలియానా, నర్వర్ తల్లులు, దుల్హన్ సాహిబా ఎవ్వరూ అందులో కనబడరు.

షహజాద్ మసీహ్ మీద మాత్రం చేయాల్సిన పని బోలెడంత మిగిలి ఉంది. నేషనల్ ఆర్కైవ్స్ ప్రాంతీయ కార్యాలయం భోపాల్‌లోనే ఉంది. భోపాల్ సంస్థానం దస్తావేజులు అక్కడున్నాయి, పాతవి చాలావరకు పారసీలో. జాగీరు సనదులు, జీతాల పద్దులు, కుద్సియా తొలి ఏళ్ల దర్బారు రాతలు వెతికితే అతని ఊరు, తండ్రి పేరు, ఎప్పుడు వచ్చాడన్నది అతని కాలం రాతలోనే దొరికే అవకాశం ఉంది. ఈ ప్రశ్న పట్టుకోవాలనుకునే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. ఫ్రెంచి తర్వాత నేర్చుకోవచ్చు, ముందు పారసీ నేర్చుకుని 1818 దస్త్రాల దగ్గర మొదలుపెట్టండి.